సోటోకు 765 మిలియన్ డాలర్లు: ధర తేలిన తీరు, విలువ కట్టాల్సిన తీరు

న్యూయార్క్ మెట్స్ అనే అమెరికన్ బేస్‌బాల్ క్లబ్బు 2024 డిసెంబరులో హువాన్ సోటో అనే ఒక్క ఆటగాడికి 15 ఏళ్లకుగాను 765 మిలియన్ డాలర్లు, అంటే నాటి మారకపు రేటు ప్రకారం దాదాపు ఆరున్నర వేల కోట్ల రూపాయలు, ఇవ్వడానికి ఒప్పుకోవడం ఏ లెక్కకు నిలుస్తుందని మీరు అడిగారు. మైదానంలో తొమ్మిది మంది దిగే ఆటలో ఒక్కడికి అంత విలువ ఉంటుందా అన్నది మీ రెండో సందేహం. మరుసటి ఏడాదే ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖం చూడకుండా ఇంటిదారి పట్టింది కాబట్టి ఆ సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే కదా అన్నది మూడోది. ఏళ్ల తరబడి విడతలుగా తీర్చాల్సిన బాకీలకు నేటి విలువ కట్టడం నా వృత్తి. అమెరికా వచ్చినప్పటి నుంచి బేస్‌బాల్ చూసే అలవాటు కూడా దానికి తోడైంది కాబట్టి ఈ ఒప్పందాల లోపలి షరతులను కొంత శ్రద్ధగానే చదువుతూ వచ్చాను.

ముందే చెప్పేస్తాను. ఇలాంటి ఒప్పందం గురించి పత్రికలు పతాక శీర్షికలో వేసే అంకె ఆటగాడి విలువ కాదు, రెండో పాటదారు ఎంతదాకా వచ్చి ఆగాడో తెలిపే అంకె. విలువ తేల్చుకోవాలంటే ఆ అంకెను పక్కన పెట్టి, క్లబ్బు కొన్నది ఆటగాడి ఏ వయసునో, డబ్బు ఎప్పుడు చేతులు మారుతుందో, మధ్యలో తప్పుకునే హక్కు ఎవరి చేతిలో ఉందో చూడాలి. చాలామంది విశ్లేషకులు ఈ పనిని చివరికి వదిలేసి, మొత్తాన్ని ఏళ్ల సంఖ్యతో భాగించి ఊరుకుంటారు. అక్కడే పొరపాటు పడుతుంది.

వేలం అనగానే మనకు ఐపీఎల్ గుర్తుకొస్తుంది కనుక, ఈ రెండింటికీ ఉన్న తేడాతోనే మొదలుపెట్టడం మంచిది. 2024 నవంబరులో జెడ్డాలో రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు పాడుకున్నప్పుడు, ప్రతి ఫ్రాంచైజీకీ జట్టు మొత్తానికి కలిపి ఖర్చు పెట్టుకునే వీలున్నది 120 కోట్లే. అందువల్ల పంత్ ధర నిజానికి ఆ సంచిలో ఒక వాటా. ఒకరికి ఎక్కువ పెడితే మరొకరికి తగ్గించక తప్పదు. పాట బహిరంగంగా సాగుతుంది, ఎవరు ఎక్కడ ఆగారో అందరికీ కనిపిస్తుంది, సుత్తి పడిన తర్వాత ఏ ఊరికి ఆడాలన్నది ఆటగాడు తేల్చుకునే విషయం కాదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇవేవీ ఉండవు. జీతాలకు పైకప్పు లేదు. ఒక హద్దు దాటితే లగ్జరీ ట్యాక్స్ పేరిట పన్ను పడుతుందే తప్ప ఎవరూ ఆపరు. సుత్తి పట్టుకున్న మనిషీ ఉండడు, పాట గుట్టుగా సాగుతుంది. ఒక క్లబ్బు ఎంత అన్నదో మరో క్లబ్బుకు తెలిసేది ఆటగాడి ఏజెంటు నోటి ద్వారానే, అదీ ఆయన చెప్పదలచుకున్నంత మేరకే. సోటో ఏజెంటు స్కాట్ బోరస్ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. పైగా చివరి మాట ఆటగాడిది కాబట్టి, ఎక్కువ ఇస్తానన్న క్లబ్బుకే అతడు వెళ్లాలన్న నియమం కూడా లేదు.

ఆ పాటలో చివరికి మిగిలిన అంకెలు చూడండి. మెట్స్ 15 ఏళ్లకు 765 మిలియన్లు అంటే, అంతకుముందు సీజన్‌లో సోటో ఆడిన యాంకీస్ 16 ఏళ్లకు 760 మిలియన్ల దాకా వచ్చింది. బాస్టన్ రెడ్ సాక్స్ 700 మిలియన్ల దరిదాపులకు చేరిందని వార్తలు వచ్చాయి. టొరంటో కూడా గట్టిగానే ప్రయత్నించింది. ఒకే నగరంలో ఉన్న రెండు క్లబ్బుల మధ్య మొత్తంలో తేడా అయిదు మిలియన్లు, అంటే ఒక శాతం కన్నా తక్కువ. మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ ఉన్మాదంతో అడ్డగోలుగా పెంచేశాడని అనే వారికి ఈ ఒక్క అంకె చాలు. ఆయన కనుక ఆ గదిలో లేకపోతే సోటో బహుశా 760 మిలియన్లకు యాంకీస్‌లోనే ఉండేవాడు. నలుగురైదుగురు పాటదారులు వేరువేరుగా లెక్కలు వేసుకుని దాదాపు ఒకే చోటికి చేరారు.

పాతికేళ్ల కిందట పరిస్థితి ఇలా ఉండేది కాదు. 2000 డిసెంబరులో టెక్సస్ రేంజర్స్ అలెక్స్ రోడ్రిగ్స్‌కు పదేళ్లకు 252 మిలియన్లు రాసిచ్చింది. రెండో పాట దానికి చాలా దూరంలోనే ఆగిపోయిందనీ, యజమాని టామ్ హిక్స్ తన మీద తానే పాట పెంచుకున్నాడనీ అప్పట్లో విస్తృతంగా చెప్పుకున్నారు. రెండేళ్ల ముందు మొత్తం క్లబ్బునే ఆయన 250 మిలియన్లకు కొన్నాడన్నది ఇందులోని తమాషా. చమురు బావుల లీజుల వేలంలో గెలిచినవాడే తరచూ నష్టపోవడం గమనించి ముగ్గురు ఇంజినీర్లు 1971లో ఒక వ్యాసం రాశారు. భూమిలో ఉన్న చమురు ఒకటే అయినా, దాన్ని అందరికన్నా ఎక్కువగా అంచనా వేసినవాడికే పాట దక్కుతుంది కాబట్టి గెలుపులోనే నష్టం దాగి ఉంటుందని దాని సారాంశం. రేంజర్స్ విషయంలో అది అక్షరాలా జరిగింది. అయితే 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో ప్రతి బంతి వేగాన్నీ, బ్యాటుకు తగిలిన ప్రతి దెబ్బ కోణాన్నీ కొలిచే స్టాట్‌కాస్ట్ పరికరాలు వచ్చాయి, ఆ సమాచారం 30 క్లబ్బులకూ అందుతోంది. అంచనాల మధ్య అంతరం కుంచించుకుపోయిన కొద్దీ గెలిచినవాడు పడే నష్టమూ తగ్గుతుంది. 765కూ 760కీ మధ్య ఉన్న ఇరుకులో నాకు కనిపించేది అదే.

రెండో పాటదారు లేకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణ బేస్‌బాల్ చరిత్రలోనే ఒకటుంది. 1980ల నడుమ క్లబ్బు యజమానులు లోపాయికారీగా కూడబలుక్కుని, ఒకరి ఆటగాడి మీద మరొకరు పాట వేయడం మానేశారు. 1987 వసంతకాలంలో మాంట్రియల్ నుంచి బయటికి వచ్చిన ఆండ్రే డాసన్‌ను ఎవరూ అడగలేదు. కృత్రిమ గడ్డి మీద ఆడి మోకాళ్లు అరిగిపోయిన ఆ మనిషి, అసలైన పచ్చిక ఉన్న షికాగో కబ్స్ మైదానంలో ఆడాలన్న కోరికతో వాళ్ల శిక్షణ శిబిరానికి వెళ్లి, సంతకం చేసిన ఖాళీ ఒప్పంద పత్రం చేతికిచ్చి, అంకె మీరే వేసుకోండన్నాడు. వాళ్లు 5 లక్షల డాలర్లు వేశారు, ప్రోత్సాహకాలు విడిగా. ఆ ఏడాది డాసన్ 49 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు) కొట్టి, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. కబ్స్ తమ విభాగంలో అట్టడుగున నిలిచింది. యజమానుల కుమ్మక్కు మధ్యవర్తుల విచారణలో రుజువై, 1990లో 280 మిలియన్ డాలర్ల పరిహారానికి రాజీ కుదిరింది. ఆటగాడి విలువకూ ధరకూ సంబంధం ఎంత బలహీనమో చెప్పడానికి డాసన్ ఒప్పందాన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు.

ఇక విలువ సంగతి. బేస్‌బాల్ విశ్లేషకులు ఒక ఆటగాడి బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు అన్నిటినీ కలిపి, అతడి స్థానంలో చౌకగా దొరికే సామాన్యుడిని ఆడిస్తే వచ్చే వాటికన్నా ఎన్ని గెలుపులు ఎక్కువ తెస్తాడో ఒకే అంకెలో చెప్పే కొలమానాన్ని వాడతారు. 2024లో సోటో అంకె సుమారు 8. ఫ్రీ ఏజెంట్ల, అంటే ఏ క్లబ్బుకూ కట్టుబడి లేని ఆటగాళ్ల, విపణిలో ఒక గెలుపు ఖరీదు ఎనిమిది, తొమ్మిది మిలియన్ల చుట్టూ తిరుగుతోందని అంచనా. సోటోను నేను కాస్త పొదుపుగానే లెక్క వేస్తాను. 26 నుంచి 30 ఏళ్ల వయసు దాకా ఏటా ఆరున్నర గెలుపులు, ఆ తర్వాత ముప్పై దాటిన బ్యాటర్లకు సాధారణంగా వేసుకునే అర గెలుపు చొప్పున ఏటా తరుగుదల. ఇలా 40 ఏళ్ల వయసు దాకా కూడితే 15 సీజన్లకు 70 గెలుపులు వస్తాయి. తొమ్మిదితో గుణిస్తే 630 మిలియన్లు. గెలుపు ఖరీదు ఏటా ఏ నాలుగు శాతమో పెరుగుతుందనుకుంటే 765 దాటుతుంది. అంటే మామూలు లెక్కలోనే ఈ ధర అసంభవం కాదు.

అయితే ఈ కొలమానం పెద్ద ఆటగాడి విషయంలో ఒక సంగతిని వదిలేస్తుంది. ఏటా నాలుగు గెలుపులు తెచ్చే ఇద్దరు, ఎనిమిది తెచ్చే ఒక్కడితో కాగితం మీదే సమానం. బ్యాటింగ్ వరుసలో ఉన్నవి తొమ్మిది స్థానాలు, జట్టు జాబితాలో ఉన్నవి 26. ఒక్క స్థానంలోనే ఎనిమిది గెలుపులు దొరికితే రెండో స్థానం మరొకరికి ఖాళీగా మిగులుతుంది. అందుకే శిఖరాన ఉన్నవారికి గెలుపు లెక్కన మిగతావారికన్నా ఎక్కువ రేటు ఇవ్వడంలో నాకు అన్యాయం కనిపించదు.

సోటోలో ప్రత్యేకత ఏమిటో ఒక్క సన్నివేశంలో చెప్పవచ్చు. 2024 అక్టోబరు 19న క్లీవ్‌లాండ్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ అయిదో మ్యాచ్, పదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఇద్దరు ఔటయ్యారు, బేస్‌ల మీద ఇద్దరున్నారు. హంటర్ గ్యాడిస్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) సోటోకు నేరుగా వేగంగా వేయడానికి జంకి, మెలిక బంతులూ మెల్లటి బంతులూ వేస్తూ పోయాడు. సోటో వాటిలో నాలుగింటిని వరుసగా, ఔట్ కాకుండా ఉండేంత మేరకే తాకించి ఫౌల్ చేశాడు. కొట్టాలన్న ఆత్రం ఎక్కడా లేదు. పిచర్ దగ్గర వేరే దారులన్నీ అయిపోయేదాకా ఆగి, ఏడో బంతిగా వచ్చిన వేగమైన బంతిని కుడి సెంటర్ కంచె అవతలికి పంపాడు. యాంకీస్ తుది పోరైన వరల్డ్ సిరీస్ చేరింది. ఆ ఏడాది అతడు 41 హోమ్ రన్లు కొట్టడమే కాక 129 సార్లు వాక్ (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా దక్కే మొదటి బేస్) తీసుకున్నాడు, స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైక్‌లతో ఔటవ్వడం) అయింది 119 సార్లే. అంత బలంగా కొట్టేవాళ్లలో ఈ నిష్పత్తి చాలా అరుదు. కాళ్ల వేగం, చేతి విసురు ముప్పై దాటాక తగ్గుతాయి. ఏ బంతిని వదిలేయాలో తెలిసిన కన్ను అంత తొందరగా తగ్గదు. 15 ఏళ్ల ఒప్పందానికి ధైర్యం చేసిన క్లబ్బులు కొన్నది ప్రధానంగా ఆ కన్నునే అని నా నమ్మకం.

వయసు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఫ్రీ ఏజెన్సీ నిబంధనను కొంచెం వివరించాలి. ఆటగాడు మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తి చేసేదాకా తనను చేర్చుకున్న క్లబ్బుకో, ఆ క్లబ్బు ఎవరికి బదిలీ చేస్తే వాళ్లకో కట్టుబడి ఉండాలి. తొలి మూడేళ్లు దాదాపు కనీస వేతనమే, తర్వాతి మూడేళ్లు మధ్యవర్తి సమక్షంలో తేలే జీతం. 24, 25 ఏళ్ల వయసులో మేజర్ లీగ్ చేరినవాడు ఫ్రీ ఏజెంట్ అయ్యేసరికి ముప్పై దాటుతుంది, అంటే అతడి ఉత్తమ కాలాన్ని తొలి క్లబ్బు చవకగా వాడేసుకుని ఉంటుంది. సోటో 19 ఏళ్లకే, 2018 మే నెలలో, వాషింగ్టన్ నేషనల్స్ తరఫున ఆడటం మొదలుపెట్టాడు కాబట్టి 26 ఏళ్లకే బయటికి వచ్చాడు. ఇలాంటి అవకాశం క్లబ్బులకు దశాబ్దానికి రెండు మూడు సార్లకు మించి రాదు. 2022లో నేషనల్స్ 15 ఏళ్లకు 440 మిలియన్లు ఇస్తామంటే అతడు కాదన్నాడు. ఆ మాట విన్న రోజు మన చుట్టాలెవరైనా అయితే వెర్రివాడన్నట్టే చూసేవాళ్లు. ఏడాదికి 29 మిలియన్ల సగటుతో, అప్పటి చెల్లింపుల స్థాయిని బట్టి చూసినా అది తక్కువే. రెండున్నర ఏళ్లు ఆగినందుకు 325 మిలియన్లు ఎక్కువ వచ్చాయి. నేషనల్స్ మాత్రం నష్టపోలేదు. వెంటనే అతడిని శాన్ డియేగోకు బదిలీ చేసి సీజే ఏబ్రమ్స్, జేమ్స్ వుడ్, మెకెంజీ గోర్ వంటి కుర్రాళ్లను తెచ్చుకుంది. ఆ ముగ్గురూ తర్వాత, ఏడాదిలోని మేటి ఆటగాళ్లతో కూర్చే ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యారు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన భాగం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2023 డిసెంబరులో, బ్యాటింగ్‌తో పాటు పిచింగ్ కూడా చేసే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒటానితో పదేళ్లకు 700 మిలియన్లకు ఒప్పందం చేసుకుంది. సోటోది 765 కాబట్టి అతడికి తొమ్మిది శాతం ఎక్కువ వచ్చినట్టని చాలామంది రాశారు. అది పూర్తిగా తప్పుడు పోలిక. ఒటాని ఒప్పందంలో ఏటా చేతికి వచ్చేది రెండు మిలియన్లు మాత్రమే. మిగిలిన 680 మిలియన్లను 2034 నుంచి 2043 వరకు ఏటా 68 మిలియన్ల చొప్పున, వడ్డీ లేకుండా చెల్లిస్తారు. సోటోకు వాయిదా వేసిన సొమ్ము ఒక్క డాలరు కూడా లేదు. సంతకం చేసినందుకే 75 మిలియన్ల బోనస్, ఆపైన ఏటా సగటున 46 మిలియన్లు. అయిదు శాతం వడ్డీ రేటుతో, చెల్లింపులు ఏడాది చివరన జరుగుతాయనుకుని, రెండింటినీ సంతకం రోజుకు తెచ్చి చూస్తే సోటో ఒప్పందం దాదాపు 550 మిలియన్లు, ఒటానిది దాదాపు 340 మిలియన్లు అవుతాయి. ఏళ్ల సంఖ్య వేరు కాబట్టి ఇదీ సమగ్రమైన పోలిక కాదు, కానీ 700, 765 అనే రెండు అంకెలు పక్కపక్కన పెట్టడం ఎంత అర్థరహితమో దీన్నిబట్టి తెలుస్తుంది. లగ్జరీ ట్యాక్స్ లెక్కల కోసం లీగ్ కూడా ఒటాని ఏడాది జీతాన్ని 70 మిలియన్లుగా కాక సుమారు 46 మిలియన్లుగానే చూస్తుంది. సోటోది మాత్రం పూర్తిగా 51 మిలియన్లే. పన్ను దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2025లో తొలి హద్దు 241 మిలియన్లు, అన్నిటికన్నా పై శ్లాబు 301 మిలియన్ల దగ్గర మొదలయ్యేది. వరుసగా ఏళ్ల తరబడి హద్దు దాటుతున్న మెట్స్ లాంటి క్లబ్బు ఆ పై శ్లాబులో ఖర్చు పెట్టే ప్రతి డాలరుకూ మరో డాలరు పది సెంట్లు పన్ను కట్టాలి. ఆటగాడి చేతికి అందే డాలరు క్లబ్బుకు రెండు డాలర్ల పైమాటే.

ఒటాని వాయిదాకు ఒప్పుకోవడంలో ఔదార్యం ఉందో లేదో గానీ తెలివి మాత్రం ఉంది. ప్రకటనల ద్వారా అతడికి వచ్చే ఆదాయమే జీతం అవసరం లేనంత ఉంటుంది. చెల్లింపులు మొదలయ్యే నాటికి కాలిఫోర్నియాలో నివాసం లేకపోతే ఆ రాష్ట్ర ఆదాయపు పన్ను బెడదా తప్పవచ్చు. మోచేతి శస్త్రచికిత్స వల్ల 2024లో పిచింగ్ చేయలేడని తెలిసి కూడా క్లబ్బులు ఎగబడ్డాయంటే, జపాన్ నుంచి వచ్చే ప్రేక్షకులూ ప్రకటనకర్తలూ వాళ్ల లెక్కలో ఉన్నారన్నమాట. అతడు టొరంటో వెళ్తున్నాడన్న పుకారుతో ఒక ప్రైవేటు విమానం ప్రయాణాన్ని జనం ఇంటర్నెట్‌లో వెంబడిస్తే, చివరికి అందులోంచి దిగింది రాబర్ట్ హెర్జావెక్ అనే టీవీ వ్యాపారవేత్త. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఒటాని మైదానం బయట తెచ్చే ఆదాయం అతడు ఏ క్లబ్బులో ఉన్నా కొంత వస్తుంది, కానీ లాస్ ఏంజెలెస్‌లో ఎక్కువ వస్తుంది. సోటో ప్రధానంగా బ్యాటుతోనే సంపాదించిపెట్టాలి. ఒకే ఆటగాడు వేర్వేరు క్లబ్బులకు వేర్వేరు విలువ చేయడం అంటే ఇదే. మెట్స్ మైదానం సిటీ ఫీల్డ్ పక్కన క్యాసినో సముదాయం తలపెట్టిన కోహెన్‌కు, ఏళ్ల తరబడి యాంకీస్ నీడలో బతికిన క్లబ్బును న్యూయార్క్‌లో మొదటి స్థానానికి తేవాలన్న పట్టుదలకు, గెలుపుల లెక్కలో కనిపించని ధర ఒకటి ఉంటుంది. యాంకీస్‌కు ఆ అవసరం లేదు. సోటో కుటుంబానికి స్టేడియంలో ఉచితంగా ప్రత్యేక గది ఇవ్వడానికి మెట్స్ ఒప్పుకుందనీ, తమ మేటి ఆటగాడు ఆరన్ జడ్జ్ కూడా తన గదికి అద్దె కట్టుకుంటున్నాడంటూ యాంకీస్ నిరాకరించిందనీ వచ్చిన వార్తలను నేను చిల్లర విషయంగా కొట్టిపారేయను. మొత్తాల మధ్య తేడా ఒక శాతానికి చేరినప్పుడు అలాంటివే తూకాన్ని మొగ్గిస్తాయి.

చివరి ఏళ్ల భయం మీరు ప్రత్యేకంగా ప్రస్తావించకపోయినా చెప్పాలి. బేస్‌బాల్ ఒప్పందం పూర్తి హామీతో కూడినది. గాయపడినా, ఫామ్ పోయినా, ఇంటికి పంపినా డబ్బు కట్టాల్సిందే. 2019 డిసెంబరులో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, ఆంటొనీ రెండోన్‌లకు వేర్వేరు క్లబ్బులు ఒకే మొత్తం, ఏడేళ్లకు 245 మిలియన్లు, ఇచ్చాయి. స్ట్రాస్‌బర్గ్ ఆ తర్వాత మొత్తం మీద ఎనిమిది మ్యాచ్‌లలో మాత్రమే బంతి పట్టాడు. రెండోన్ ఏ ఒక్క సీజన్‌లోనూ 60 మ్యాచ్‌లు ఆడలేదు. మొదటివాడు పిచర్, రెండోవాడికి సంతకం నాటికే 29 దాటింది. ఆల్బర్ట్ పుహోల్స్ కథ ఇంకా బోధపరుస్తుంది. సెయింట్ లూయిస్‌లో 11 సీజన్లలో 445 హోమ్ రన్లు, మూడుసార్లు అత్యంత విలువైన ఆటగాడు. 32వ ఏడు నిండబోతుండగా ఏంజెల్స్ పదేళ్లకు 240 మిలియన్లు ఇచ్చి తీసుకుంది. అక్కడ పాత పుహోల్స్ ఒక్క ఏడాది కూడా కనిపించలేదు, పదో ఏట మధ్యలోనే వదిలేసింది. సెయింట్ లూయిస్ మాత్రం అతడు వెళ్లినందుకు పరిహారంగా, కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో దక్కిన ఎంపికతో మైకల్ వాకా అనే కుర్ర పిచర్‌ను తెచ్చుకుంది. ఏడాది తిరిగాక, 2013లో, ఆ కుర్రాడే నేషనల్ లీగ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా నిలిచి జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు. రెండో పాటదారుగా ఓడిపోవడం ఒక్కోసారి అదృష్టమే.

ఈ నేపథ్యంలో మీ మూడో ప్రశ్నకు వస్తాను. 2025లో సోటో చేయగలిగింది తక్కువేమీ కాదు. 43 హోమ్ రన్లు, ఎప్పుడూ లేని విధంగా 38 స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం). మెట్స్ 83 గెలిచి 79 ఓడింది. అన్నే గెలిచిన సిన్సినాటి టైబ్రేకర్‌లో ముందుకు వెళ్లగా, చివరి రోజున మయామీ చేతిలో ఓడి సీజన్ ముగించింది. మరోవైపు సోటోను పోగొట్టుకున్న యాంకీస్ ఆ డబ్బులో కొంతతో మాక్స్ ఫ్రీడ్‌ను ఎనిమిదేళ్లకు 218 మిలియన్లకు తెచ్చుకుని, కోడీ బెలింజర్‌ను బదిలీలో సంపాదించి, పాల్ గోల్డ్‌ష్మిట్‌ను ఏడాదికి తీసుకుంది. సోటోతో 2024లో 94 గెలిచిన ఆ జట్టు సోటో లేకుండా 2025లోనూ సరిగ్గా 94 గెలిచింది. ఇది చూసి నక్షత్రాలు దండగ అని తీర్మానించేవాళ్లకు 2001 కూడా గుర్తు చేయాలి. రోడ్రిగ్స్ వెళ్లిపోయిన సియాటిల్ 116 గెలిచి రికార్డును సమం చేసింది, అతడిని కొన్న టెక్సస్ 71 నుంచి 73కు మాత్రమే ఎదిగింది. అయినా ఆ ఏడాది రోడ్రిగ్స్ 52 హోమ్ రన్లు కొట్టాడు. తప్పు ఆటగాడిది కాదు, అతడి చుట్టూ ఉన్న పిచింగ్‌ది.

ఒక గెలుపు విలువ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 65 గెలిచే జట్టుకు ఇంకో ఆరు గెలుపులు వచ్చినా జరిగేది ఏమీ లేదు. 100 గెలిచే జట్టుకూ పెద్దగా తేడా రాదు. 83 దగ్గర ఉన్న జట్టుకు మాత్రం ఒక్క గెలుపు కూడా ప్లేఆఫ్స్‌కూ ఇంటికీ మధ్య గోడ. సోటో లేని మెట్స్ 2025లో 77 దగ్గర ఆగేదేమో. ఉండటం వల్ల 83కు చేరి, అందాల్సిన చోట ఒక్క మెట్టు తక్కువైంది. వేసవిలో కుప్పకూలిన పిచింగ్‌ను సరిచేయని యాజమాన్యం మీద మీ కోపం న్యాయమైనదే, ఆ కోపాన్ని సోటో జీతం మీద చూపడం మాత్రం న్యాయం కాదు. 2000 నాటి టెక్సస్‌తో పోలిస్తే మెట్స్ సరైన మెట్టు మీదే నిలబడి ఈ కొనుగోలు చేసింది. 2024లో 89 గెలిచి నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టది. నన్నడిగితే, 71 గెలిచిన జట్టుకు ఇదే ఆటగాణ్ణి సగం ధరకు ఇస్తామన్నా రెండుసార్లు ఆలోచించమంటాను.

చివరగా తప్పుకునే హక్కు. పత్రికల్లో దీనికి ఒక్క వాక్యం దక్కింది గానీ నా దృష్టిలో ఒప్పందానికి గుండెకాయ ఇదే. 2029 సీజన్ తర్వాత, 31 ఏళ్ల వయసులో, సోటో మిగిలిన పదేళ్లను రద్దు చేసుకుని మళ్లీ విపణిలోకి వెళ్లవచ్చు. అప్పటికి బోనస్‌తో కలిపి అతడికి 305 మిలియన్లు అందుతాయి. బాగా ఆడుతుంటే వెళ్తాడు, ఆట తగ్గితే 46 మిలియన్ల చొప్పున పదేళ్లు ఇక్కడే ఉంటాడు. నష్టం వచ్చే దారి మాత్రమే క్లబ్బుకు మిగిలే ఇలాంటి హక్కును ఉచితంగా ఇవ్వడం వెర్రితనం. అందుకే మెట్స్ ఒక తాళం పెట్టుకుంది. చివరి పదేళ్ల జీతాన్ని ఏటా నాలుగు మిలియన్లు పెంచితే ఆ హక్కు చెల్లదు, మొత్తం 805 మిలియన్లవుతుంది. అంటే 31 ఏళ్ల సోటోను ఉంచుకోవడానికి 40 మిలియన్లు చాలునా అన్నది 2029 శరదృతువులో మెట్స్ తేల్చుకోవాల్సిన ప్రశ్న. అప్పటికి అతడు నా పొదుపు లెక్క ప్రకారం ముప్పై రెండు, ముప్పై మూడు గెలుపులు తెచ్చి, వాక్‌ల సంఖ్య నూటికి పైనే ఉంచుకుంటే, మెట్స్ ఆ 40 మిలియన్లు మరో మాట లేకుండా కడుతుంది, ఒప్పందం మొదటి భాగం తన ఖరీదును తాను రాబట్టుకున్నట్టే. ఎడమచేతి పిచర్ల ముందు అతడి కన్ను మందగించినట్టు ఆ లోపే కనిపిస్తే, సోటో ఎటూ కదలడు, మిగిలిన 460 మిలియన్ల భారం కోహెన్ మీద పడుతుంది. ఈ బేరం మంచిదో చెడ్డదో నిర్ణయించడానికి 2025 పాయింట్ల పట్టిక పనికిరాదు, చూడాల్సిన తేదీ అది.